అమృతమ్మ పేర బియ్యం

ఫట్‌ఫటీ మోటారు సైకిలు చప్పుడు ఇంకా వినిపించడం లేదు. చిట్యాల నుంచి ఊరికి నాలుగు మైళ్ల మట్టి బాట, ఎంత బురదైనా అరగంటకు మించదు. బావి మీది ఇంజనుకు ఏదో సామాను తెచ్చి పది గంటలకల్లా ఇంట్లో ఉంటానని దశరథం పొద్దున చాయ తాగుతూ చెప్పాడు. ఇప్పుడు గడి దర్వాజ నీడ వాకిలి సగం నుంచి వెనక్కి జరిగి గడప బండను పట్టుకుంది, పదకొండు దాటే ఉంటుంది. నిర్మల లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, ముందున్న ఇస్తార్లలో సర్దినవే సర్దింది. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్పుగల్లు, నాలుగు బీరకాయలు, గుప్పెడు గోరుచిక్కుళ్లు. ఇవాళ పెత్తరమాస, పోయినవాళ్ల పేర బియ్యం ఇచ్చే రోజు. మామకు ఒక ఇస్తారి, అత్త నర్సింగమ్మకు ఒకటి, మామ తల్లిదండ్రులకు రెండు, వెరసి నాలుగు. ఐదోది తెల్లవారుజామున ఎవరూ లేవకముందే తనే కుట్టి, తనే నింపి వరుసలో చివరన పెట్టింది. ఈ గంట ఇంత పొడుగు కావడం దానివల్లనే. ఆయన వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంటాడు, అయ్యగారు ఒక్కొక్క పేరే అడుగుతారు, నాలుగు పేర్లయ్యాక తను నోరు తెరవాలి, అమృతమ్మ పేర కూడా ఇయ్యుండ్రి అనాలి. అమృతమ్మ ఆయన మొదటి భార్య. పదమూడేళ్ల కింద బావిలో పడి చచ్చిపోయిందని ఊరంతా చెప్పుకునే మనిషి, బతికే ఉంది. నాలుగు రోజుల కింద తన కళ్లతో చూసింది, ఆ మనిషి చేయి తన పొట్ట మీద ఉండగా చూసింది. ఆయన ఆ పేర బియ్యం ఇస్తే, ఆమె బతికున్నట్టు ఆయనకు తెలియదు. ఇవ్వకపోతే తెలుసు. బతికి ఉన్నదని తెలిసిన మనిషి పేర నువ్వులూ నీళ్లూ ఎవరు వదులుతారు, ఆయుష్షు తగ్గుతుందని ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇస్తారి అంచున మోదుగాకు ఒకటి విచ్చుకుంది. పుల్ల ముక్క గుచ్చి సరిచేసింది, వేళ్లు ఊరుకోవడం లేదు, ఇంకో ఆకుకు బాగున్న పుల్లనే తీసి మళ్లీ గుచ్చింది. మోదుగాకులు. అమృతమ్మను కాల్చింది కూడా వీటితోనే. పెళ్లయిన కొత్తలో అత్త చెప్పింది, బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఎవరి ఇంటి ముచ్చటో చెప్పినట్టు చెప్పింది. రజాకార్ల లొల్లి నడుస్తున్న ఆ యేడు వానలకు దిగుడు బావి నిండుగా ఉందట, పొద్దున చూస్తే గట్టు మీద చీర ఉందట, మనిషి లేదట, గాలం వేసి వెతికినా శవం దొరకలేదట. శవం దొరకకపోతే మోదుగాకుల కాడలన్నీ లెక్కపెట్టి కట్టి, తలకు కొబ్బరికాయ పెట్టి, మనిషి ఆకారం చేసి దహనం చేస్తారు, అట్లనే చేశారు. "మూడు వందల అరవై కాడలు బిడ్డా, ఒక్కటి తక్కువైనా పీనుగ గాదంట" అన్నది అత్త. నిప్పు ఎవరు పెట్టిండ్రు అని తను అడిగింది. మొగుడే కదా పెట్టాలి. వాడు జరంతోని పడుకున్నడు, వాని చిన్నాయిన పెట్టిండు, అని అత్త చేట ఎగరేసింది, పొట్టు కళ్లలో పడింది. అప్పుడు తనకు జాలే కలిగింది. భార్య పోతే జ్వరం రాదా మరి. ఇప్పుడు ఆ జ్వరం గురించి నాలుగు రోజులుగా ఆలోచిస్తోంది. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, నాలుక ఎండుతుంది, ఎన్ని దినాలు ఉంది, ఎవరు చెయ్యి పట్టి చూశారు, ఈ సంగతి ఎవరినీ అడగడానికి లేదు. అత్త పోయి రెండేళ్లయింది, అదుగో, రెండో ఇస్తారిలో బీరకాయల కింద ఉంది.

"అమ్మా, దొర ఎప్పుడస్తడు?" అన్నాడు అయ్యగారు వసారా స్తంభానికి ఆనుకొని. జంధ్యంతో వీపు గోక్కుంటున్నాడు. "ఇంకా నాలుగిండ్లు తిరగాలె నేను. పెద్దలైతే ఆకలికి ఆగుతరు గని నా కడుపు ఆగదాయె."

"వస్తరు అయ్యగారూ. మజ్జిగ ఇయ్యమంటరా?"

"ఇయ్యి తల్లీ. ఉప్పు జర ఎక్కువెయ్యి."

మజ్జిగ చిలికిన కుండలోంచి ముంచుతుంటే మెడలో బిళ్ల కుండ అంచుకు తగిలి టక్కుమంది. కొంగులోకి తోసేసింది. ఐదేళ్లుగా పుస్తెల పక్కనే వేరే నల్లదారానికి వేలాడుతున్న వెండి బిళ్ల, సవతమ్మ. మొదటి భార్య చనిపోయిన వాడికి రెండో పిల్లనిస్తే ఆ పిల్ల మెడలో ఇది కడతారు, చచ్చిన ఆమె కోపగించకుండా. చీర కట్టిన ఆడమనిషి బొమ్మ గీతలు గీతలుగా ఉంటుంది. కొత్త చీర వస్తే ముందు బిళ్లకు తాకించాలి, పూలు పెట్టుకుంటే ముందు బిళ్లకు చూపాలి, మొదటి ముద్ద తీసి పక్కకు పెట్టాలి. సంబంధం కుదిరిన రోజు బాపు ఒక్కటే మాట అడిగాడు, పక్క గదిలో తను వింటుండగా. రెండో పెండ్లి చెల్లదని కొత్త చట్టమొచ్చిందంట గదా, ఆ మొదటామె నిజంగనే పోయిందా అని. మధ్యవర్తిగా వచ్చిన భిక్షపతి మామ పకపక నవ్వాడు. "సవతమ్మ బిళ్ల గూడ చేయించి పెట్టిండ్రు, ఇంకేం సాక్ష్యం గావాలె నీకు?" అన్నాడు. అంతే, బాపు ఊరుకున్నాడు. బిళ్ల చేయించారంటే చచ్చిపోయినట్టే. ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది, తనకూ అనిపించింది. పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివి, పేపరు దొరికితే పొట్లం కట్టిన ముక్క కూడా విప్పి చదివే తనకు కూడా ఆ వెండి ముక్క కంటే గట్టి కాగితం ఉంటుందని తోచలేదు.

చప్పుడు. కాదు, అది ఎద్దుబండి.

ముప్పై అర్రలున్న పాత దొరల గడి ఇది, కాపురం మాత్రం నాలుగు అర్రల్లోనే. భూములు పోయాక ఆయన అన్నదమ్ములు పట్నం పోయారు, ఆయన ఒక్కడే ఉండిపోయాడు. మిగిలిన తలుపులన్నిటికీ తాళాలు, లోపల గబ్బిలాల కంపు, వాన పడితే గచ్చు పెచ్చులు రాలే శబ్దం. వచ్చిన మొదటి నెల మేడ మీద ఎవరో ఊగుతున్నట్టు కిర్రు కిర్రుమని వినిపించేది, పట్టపగలే, ఇట్లాంటి మిట్టమధ్యాహ్నం వేళ. అమృతమ్మ అర్ర అది. అర్రలో ఉయ్యాల ఉందని, కిటికీ రెక్క ఊడితే గాలికి ఊగుతుందని తెలియడానికి చాన్నాళ్లు పట్టింది. తెలిశాక కూడా కిర్రుమన్నప్పుడల్లా వెన్నులోంచి ఏదో పోయేది. శుక్రవారం శుక్రవారం అత్త ఆ తలుపు ముందు అన్నం పళ్లెం పెట్టేది, తెల్లవారితే పళ్లెం ఖాళీ. కడిగినట్టు ఉండేది, మెతుకు మిగిలేది కాదు. తను చూసి చలిజ్వరం తెచ్చుకుంది. ఏడాది తరువాత ఒక శుక్రవారం మెట్ల మూల దాక్కుని చూస్తే సైదమ్మ. అమృతమ్మ పుట్టింటి నుంచి ఆమెతో పాటు వచ్చిన దాసీ మనిషి, అమృతమ్మ పోయినా ఇంకెక్కడికీ పోలేక ఇక్కడే ముసలిదయింది. తలుపుకు వీపు ఆనించి కూర్చుని పచ్చిపులుసు పోసుకుని హాయిగా తింటోంది. "నేనే తింట దొరసానీ. కుక్క నోట్లె పడెకంటె నా నోట్లె పడుడు మంచిది గాదా. ఆమె పెట్టిన బువ్వతోనే బతికిన, ఆమె పేర పెట్టింది తినరాదా?" తనకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజు నుంచి గడి అంటే భయం తగ్గింది గానీ ఒక సంగతి పట్టించుకోలేదు. సైదమ్మకు భయం లేదు. చచ్చిన యజమానురాలి అన్నం తింటున్న మనిషి అటూ ఇటూ చూడలేదు, దండం పెట్టలేదు, ఒక్క మెతుకు గడప మీద వదలలేదు. చూసింది తను, అర్థం చేసుకోలేదు.

అత్త ఇంకోటి కూడా చెప్పింది, పెళ్లయిన మొదటి వారంలో. ఆయన దగ్గరికి పోయే ముందు ఆమెకు చెప్పి పో, అన్నది. బిళ్లను కళ్లకద్దుకుని పొయ్యొస్తనక్కా అనుకొని పోవాలి. అట్లాగే పోయింది. మొదట సిగ్గేసేది, ఆ తరువాత కోపం వచ్చేది, ఆయన చేయి మెడ మీద పడ్డప్పుడల్లా ముందు ఆ బిళ్లనే తాకుతుందేమిటని. ఆ తరువాత కోపం కూడా పోయి ముచ్చట్లు మొదలయ్యాయి. నీళ్ల గదిలో, పొయ్యి దగ్గర, మేడ మీద బట్టలు ఆరేస్తూ, అక్కా ఇయ్యాల ఆయన మాట్లాడలేదు, అక్కా ఆయనకు వంకాయ పడదని నీకు తెలుసా, అక్కా నీకు గూడ గిట్లనే చేసేటోడా. ఎవరితోనూ చెప్పనివన్నీ. పిల్లలు కాలేదని అత్త సాధించినప్పుడు, సవతమ్మకు నీ మీద దయ లేదు, ముద్ద సరిగ్గ పెడ్తలేవు అన్నప్పుడు, బిళ్లను పిడికిట్లో పట్టుకుని బతిమాలుకుంది. నేనేం చేసిన అక్కా అని. ఆ వేళకు ఆ అక్క అచ్చంపేట అడవి పక్క పల్లెల్లో తిరుగుతూ ఎవరికో పురుడు పోస్తూ ఉండి ఉంటుంది. తలుచుకుంటే ఒళ్లంతా కుచించుకుపోతుంది. చచ్చిన మనిషితో చెప్పుకున్న మాటలు బతికిన మనిషి విన్నట్టు.

పెళ్లయ్యాక మొదటి పెత్తరమాస. ఇదే వసారా, ఇదే అయ్యగారు, అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పటికి పేర్లు మూడే, మామ, మామ తల్లి, మామ తండ్రి. మూడూ అయ్యాక అయ్యగారు, పోయిన దొరసాని పేరు చెప్పుండ్రి అన్నాడు. ఆయన చేతిలో నువ్వులు దులిపేసి లేచాడు. "అయిపోయింది, లే" అన్నాడు. అయ్యగారు అత్త వైపు చూశాడు. వాని మనసట్లాంటిది, ఇగ అడగకుండ్రి, అన్నది అత్త. తను ఆ స్తంభం వెనక నిలబడి ఏడ్చింది. ఎంత ప్రేమ ఉంటే చచ్చిందన్న మాట కూడా నోట పలకలేడు ఒక మనిషి. నేను చచ్చినా నా పేరు గిట్లనే పలకకుండా ఉంటాడా అనుకుంది, ఉంటే బాగుండుననుకుంది, ఇరవై యేళ్ల పిల్లకు అంతకంటే ఏం తోస్తుంది. ప్రతి యేడూ అదే జరిగింది, ప్రతి యేడూ ఆయన మీద తనకు ఇష్టం పెరిగింది. ఆ ఇష్టం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి? దులిపేసిన ఆ నువ్వులు దుఃఖం వల్ల కాదేమో, ఎక్కడో ఉన్న ఒకామె నూరేళ్లు బతకాలనేమో. దుఃఖమే కావచ్చు కూడా. రెండింటికీ చేయి ఒక్క తీరుగానే దులుపుతాడు, అదీ వచ్చిన చిక్కు. ఐదేళ్లు చూసిన తనకే తేడా తెలియలేదు.

సైదమ్మ గుమ్మడికాయ ముక్కల గంప తెచ్చి దించి, ఇస్తార్లలో తలా ఒకటి పెడుతూ చివరికొచ్చి ఆగింది.

"ఐదెందుకు పెట్టినవు దొరసానీ? నలుగురే గదా."

"ఐదుగురు."

"ఐదో మనిషెవ్వరు?"

నిర్మల ముసలిదాని మొహంలోకి చూసింది. సైదమ్మ చేతిలో ముక్క గంపలోకి తిరిగి వెళ్లింది.

"వద్దు బిడ్డా" అంది సైదమ్మ. ఈ ఐదేళ్లలో దొరసానీ అనే గానీ బిడ్డా అని ఎన్నడూ అనలేదు.

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. దొరకు మంచిగనిపియ్యది."

"దొరకెందుకు అనిపియ్యదో నీకు ఎరికేనా?"

"నాకేం ఎరిక. పెట్టింది తినెటిదాన్ని" అని గంప ఎత్తుకుని, ఎత్తుకున్నాక మోకాలు పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లిపోయింది. ఈమెకు తెలుసు. ఈమెకు తెలిసి ఆయనకు తెలియకపోవడం ఎట్లా? ఎట్లా అంటే ఉండవచ్చు, ఆడవాళ్ల మధ్య ఉండిపోయే సంగతులు ఉండవా, అత్తకు తెలిసి, సైదమ్మకు తెలిసి, కొడుకును దుఃఖంలో వదిలేసి ఉండవచ్చు. ఉండవచ్చు. నిర్మల ఆ మాటను నాలుగు రోజులుగా నోట్లో బెల్లం ముక్కలా పెట్టుకుని తిరుగుతోంది, అది కరిగిపోతోంది.

వారం రోజులని పుట్టింటికి పోయింది. నాలుగు రోజుల కింద, కళ్లు తిరుగుతుంటే అమ్మ భువనగిరి తీసుకుపోయింది. గుట్ట కింది బజారు దాటి దవాఖాన, బయట వేపచెట్టు కింద అమ్మను కూర్చోబెట్టి నర్సమ్మ తనొక్కదాన్నే లోపలికి పిలిచింది. నలభైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, తెల్లచీర మోకాళ్ల దాకా తడిసి ఉంది, అప్పుడే ఎవరికో కాన్పు చేసి వచ్చినట్టుంది. కృష్ణమ్మా అని బయటి నుంచి ఎవరో పిలిస్తే ఆగమంది. పడుకోబెట్టి పొట్ట చూసింది, మూడో నెల అంది, చల్లటి వేళ్లు. గుండె చప్పుడు వినబోతూ బిళ్లను పక్కకు జరిపి, మళ్లీ దగ్గరికి తీసుకుని చూసింది. గిదేంది సవతమ్మనా, ఇంకా ఏసుకుంటున్నరా, ఏ ఊరు మీది, అంది. ఊరి పేరు చెప్పింది. ఎవరి పేర? అమృతమ్మ, మా పెద్దామె, బాయిల పడి పోయిందట. నర్సమ్మ బొటనవేలితో బిళ్లను రుద్దింది, వెలుతురుకు తిప్పింది, వంగి చూసింది.

"ముక్కు గింత పొడుగు చెక్కిండు" అంది. "నాది గంత లేదు."

తను లేవబోయింది. భుజం మీద చేయి వేసి పడుకోబెట్టింది ఆమె. "భయపడకు పిల్లా. దయ్యానికి సర్కారు నౌకరీ ఇస్తదా?" ఆ తరువాత చెప్పింది, దూది చుడుతూ, తొందరేమీ లేకుండా. ఆ వానల్లో గడి కింది చీకటి అర్రలో ఇద్దరు రైతుల్ని మామ కట్టేయించాడట, శిస్తు ధాన్యం దాచారని. ఎనిమిది రోజులు అరుపులు విన్నదట, తొమ్మిదో దినం అరుపులు ఆగిపోయాయట. "అరుస్తుంటె పండుకున్న. ఆగినంక నిద్ర పట్టలే. తాళం దీసిన. తీసినంక మళ్ల ఆ ఇంట్లె ఎట్ల ఉంట? వాళ్లతోనే నడిచిన." చీర నేను పెట్టలే, బాయి గట్టు మీద ఎవరు పెట్టిండ్రో నాకు తెలవది, అంది. అడవి పల్లెల్లో దాక్కుని, పురుళ్లు పోయడం నేర్చి, అమ్మ పేరు పెట్టుకుని, పరీక్ష రాసి, అచ్చంపేటలో ఏడేళ్లు చేసి పోయిన యేడే ఇక్కడికి బదిలీ అయిందట. తను అడిగింది ఒక్కటే. మా దొరకు ఎరికేనా?

"గది నన్నడగకు. నీ పెనిమిటి గదా, నువ్వే అడుగు."

తలుపు దాకా వచ్చి, నీ కాపురం మీదికి నేను రాను, నాకు నా బతుకున్నది, అంది. పాలు తాగుమంది, బిందెలు ఎత్తకుమంది. "నా పేర పక్కకు పెట్టె ముద్ద గూడ నువ్వే తిను. ఇద్దరికి గావాలె ఇగ." బయట అమ్మ, ఏమందే అని అడిగితే, ఏం లేదు, నీరసమట, అంది. ఆయనకూ అదే చెప్పింది. మూడో నెల అన్న మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పడమెట్లా? ఐదేళ్లు ఎదురుచూసిన మాట, నోటి దాకా వచ్చినప్పుడల్లా ఆ మాట పక్కనే ఆ తెల్లచీర మనిషి నిలబడి ఉంటుంది.

వీధిలో ఆడపిల్లలు తంగేడు పూల గంపలతో గునుగు కట్టలతో అరుచుకుంటూ పోతున్నారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. నిర్మల దర్వాజ దాకా వెళ్లి బాట చూసి వచ్చింది, నీళ్లు తాగింది. తెలియకపోతే ఏం? తెలియకపోతే ఆయన కూడా తనలాగే మోసపోయినవాడు, అప్పుడు చెప్పాలి, చెబితే ఆయన ఒక్క ఉదుటున ఫట్‌ఫటీ ఎక్కి భువనగిరి పోతాడేమో. తెలిస్తే? తెలిసీ తన మెడలో బిళ్ల కట్టి, తెలిసీ పక్కకు పెట్టిన ముద్దను రోజూ చూస్తూ తిని, తెలిసీ అత్త సాధిస్తుంటే పేపరు చదువుకుంటూ కూర్చుని. అట్లాంటి మనిషేనా? కాలికి ముల్లు దిగితే తన కాలు ఒళ్లో పెట్టుకుని సూదితో తీసి, నొప్పా నొప్పా అని పదిసార్లు అడిగాడు. వంట పొగకు కళ్లు మండుతున్నాయంటే పొయ్యి పైన గోడకు తనే రంధ్రం కొట్టాడు, దొర చేసే పనా అని ఊళ్లో నవ్వినా. చెడ్డవాడైతే ఎంత సులువు. ఆయన మంచితనం ఎటు తిరిగి ఉందో తెలియదు, తన వైపా, ఆమె వైపా. ఆమెను కాపాడడానికి నోరు మూసుకున్నాడేమో, మామ బతికి ఉన్నన్నాళ్లు నోరు విప్పితే మనుషుల్ని పంపి చంపించేవాడేమో. సరే, మామ పోయి తొమ్మిదేళ్లు. ఆ తరువాత ఎవరిని కాపాడడానికి? ఐదో ఇస్తారిని నాలుగోదాని నుంచి కొంచెం దూరం జరిపింది. మళ్లీ దగ్గరికి జరిపింది.

వచ్చింది. ఈసారి ఫట్‌ఫటీయే, చెరువు కట్ట మలుపులో ఒకసారి దగ్గి, దర్వాజలోంచి లోపలికి వచ్చి ఆగింది. దశరథం చేతులు నూనె మరకలతో ఉన్నాయి. "మిస్త్రీ లేటు చేసిండు. అయ్యగారు వచ్చి మస్తు సేపైందా?" అని బావి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు, కండువాతో మొహం తుడుచుకున్నాడు, వస్తూ తన వైపు చూశాడు. "గట్లున్నవేంది? పానం మంచిగ లేదా?" అన్నాడు. మంచిగనే ఉన్న అంది.

పీట మీద కూర్చున్నాడు. అయ్యగారు దర్భ ఉంగరం పెట్టించి, గోత్రం చెప్పించి, అరచేతిలో నువ్వులు పోసి నీళ్లు వదిలించాడు. తండ్రి పేరు. దోసిలితో బియ్యం పళ్లెంలోకి పడ్డాయి. తల్లి పేరు. తాత పేరు, నాయనమ్మ పేరు. అయ్యగారు గబగబా నాలుగు ఇస్తార్లు తన మూటలోకి వంచుకుని, ఐదోది చూసి తలెత్తాడు. నిర్మల ఇస్తారిని ఆయన ముందుకు జరిపింది.

"అమృతమ్మ పేర గూడ ఇయ్యుండ్రి."

సైదమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు వద్దు, అన్నాడు దశరథం నెమ్మదిగా.

"ఇయ్యుండ్రి. ఐదేండ్ల సంది మెడలేసుకొని మొక్కుతున్న. ఒక్కపాలి నా కోసమని ఇయ్యుండ్రి."

ఆయన తన మొహం వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. ఏం కనిపించిందో, తల వంచుకుని చేయి చాచాడు. అయ్యగారు నువ్వులు పోశాడు. ఇంకో చేత్తో బియ్యం తీసుకున్నాడు. నిర్మలకు ఊపిరి అందింది. తెలియదు, ఈయనకు తెలియదు, ఇస్తున్నాడు, ఇంకేం కావాలి, ఇంతే కదా చూడాలనుకున్నది. చూస్తుండగానే ఆ చేయి పళ్లెం మీదికి వచ్చింది, గుప్పెట కింది నుంచి ఒకటి రెండు గింజలు జారాయి. ఆయన కణతల మీద చెమట పట్టింది, పెదవులు తెల్లబడ్డాయి, తెలియని మనిషికి ఇంత చెమట ఎందుకు, తెలిసిన మనిషైతే ఇస్తున్నాడెందుకు, తను అడిగినందుకా. తన కోసం ఆమె ఆయుష్షు పోస్తున్నాడా. ఆ మనిషి నలభై యేళ్లది, తడిసిన చీరతో ఇవాళ కూడా ఎవరి పొట్టనో తడుముతూ ఉంటుంది. అయ్యగారు, చెప్పుండ్రి, పేరు చెప్పుండ్రి, అంటున్నాడు. దశరథం నోరు తెరిచాడు.

నిర్మల చేయి పళ్లానికి అడ్డం పెట్టింది. అట్లా పెడతానని తనకే తెలియదు. బియ్యం, కొన్ని నువ్వులు తన అరచేతిలో పడ్డాయి.

"వద్దు" అంది. "బతికున్న మనిషికి వద్దు."

అయ్యగారు, రామ రామ, అంటూ వెనక్కి జరిగాడు. దశరథం తల ఎత్తాడు. తెలియని వాడైతే ఏమంటాడో నాలుగు రోజులుగా తనలో తను వందసార్లు అనుకుంది, ఏం మాటలాడుతున్నవు అంటాడు, పిచ్చి లేసిందా అంటాడు, ఎవరు చెప్పిండ్రు అంటాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, భుజాల మీది నుంచి ఏదో మూట దించినట్టు దిగబడిపోయాడు.

"ఎట్లున్నది?" అన్నాడు.

ఎక్కడున్నది అని అడగలేదు.

సైదమ్మ గుమ్మంలోనే కూలబడింది. వీధిలో పిల్లలు పూల కోసం తగవులాడుకుంటున్నారు. నిర్మల అరచేయి మూసింది, తడిసిన బియ్యం, నువ్వులు చర్మానికి అంటుకున్నాయి. ఏడవాలని లేదు, అరవాలని లేదు. నాలుగు రోజుల నుంచి ఒంట్లో తిరిగిన ఆ తిరుగుడు ఆగింది, ఆగినచోట చాలా చల్లగా ఉంది.

"మంచిగనే ఉన్నది" అంది. "నాకు మూడో నెలని చెప్పింది ఆమెనే."

ఆయన చేయి తన వైపు వచ్చింది, మధ్యలో ఆగింది, పీట అంచును పట్టుకుంది. నిర్మలా, అన్నాడు. అయ్యగారు మూట ముడి వేసుకుంటూ, మరి ఈ ఇస్తారి ఏం చేద్దాం తల్లీ, అని నసిగాడు.

"జర ఆగుండ్రి అయ్యగారూ" అంది నిర్మల, ఆయన మొహం మీది నుంచి చూపు తిప్పకుండా. పీటకు ఎదురుగా, తడి నేల మీదనే కూర్చుంది. "మీరు చెప్పుండ్రి. ఆమె పోయిన రోజు సంది చెప్పుండ్రి. చెప్పిందాక నేనీడికెల్లి లేవ."

దశరథం తన అరచేతిలో మిగిలిన నువ్వుల వైపు చూశాడు. ఆ తరువాత చెప్పడం మొదలుపెట్టాడు.

"చీకటి అర్ర తాళంచెవి ఆమెకిచ్చింది నేనే" అన్నాడు.